ముఖాలు ఆరబెట్టిన మర్నాడు

ముఖాలకు గాలి తగిలించే రోజున ఆ గదిలో ఎవరూ నోరు మెదపకూడదు. ఎంత చిన్న తుంపర పడినా పాత రంగు మీద మచ్చ కట్టేస్తుందని భయం. అందుకని మ్యూజియం వాళ్లయినా, ముఖాల సొంతదారులైనా పెదవుల మధ్య మడిచిన తెల్లకాగితం కరుచుకుని పని చేయాల్సిందే. తుమ్ము వచ్చినవాళ్లు బయటికి పరుగెత్తాలి. టికెట్ల దగ్గర కూర్చుని ఏడాది పొడవునా గలగలా మాట్లాడే ఒకునో గారు కూడా ఆ ఒక్క పూట మౌనవ్రతం పట్టినట్టు ఉంటుంది. నోహ్ నాటకంలో తొడుక్కునే ఆ చెక్క ముఖాలను బయటివాళ్లు మాస్కులంటారు గానీ, జపాన్‌లో వకాసా తీరాన ఉన్న ఆ చిన్న ఊళ్లో ఎవరూ అలా అనరు. మనిషి ముఖాన్ని అన్నట్టే ముఖాలంటారు.

ఆ ఏడు నవంబరు చివర్లో, రోజుల తరబడి పట్టిన ముసురు వదిలి, ఎండ కాసింది. మ్యూజియం వెనక గది తలుపులు జానెడు తెరిచారు. తమాకి మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క పట్టుసంచీ ముడి విప్పుతోంది. ముఖాన్ని ఎక్కడ పడితే అక్కడ పట్టుకోకూడదు. తాడు కట్టడానికి చెవుల దగ్గర రెండు చిల్లులుంటాయి. వాటి పక్కన మాత్రమే బొటనవేలూ చూపుడువేలూ ఆనించాలి. చిన్నప్పుడు బుగ్గ మీద వేలు పడిందంటే నోహ్ నటుడైన తండ్రి యసోజి విసనకర్రతో చేతి మీద ఒకటి వేసేవాడు. యాభై ఏళ్లు దగ్గర పడుతున్నా ఆ దెబ్బ తమాకి వేళ్లకు ఇంకా గుర్తుంది. సంచీలోంచి తీసిన ముఖాన్ని దూది దిండు మీద వెల్లకిలా పడుకోబెట్టి ఎదురుగా ఉన్న మినెగిషి వైపు జరుపుతుంది. మినెగిషి మ్యూజియంలో ఉద్యోగం చేసే పిల్ల, ముప్పై నిండలేదు. మెత్తటి కుంచెతో నుదుటి నుంచి గడ్డం దాకా, ఒకే వైపుకి, నిద్రపోతున్న పసిపాప మీది ఈగను తోలుతున్నంత నెమ్మదిగా దుమ్ము తీస్తుంది.

తమాకి వాళ్ల ఇనోకుమా ఇంటి ముఖాలన్నీ ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. వాటిలో పేరున్నది ఒక పడుచుపిల్ల ముఖం, మూడు వందల ఏళ్ల నాటిది. దానికో నకలుంది. తమాకి తాత చెక్కించాడు. నకలంటే ఏదో పోలికకి చెక్కింది కాదు. అసలు ముఖం ఎడమ బుగ్గ మీద గీత ఉంటే దీని మీదా ఆ గీత ఉండాలి. గడ్డం కింద రంగు ఎంత మేర రాలిందో ఇక్కడా అంతే రాలాలి. ఎప్పుడో ఏ ఎలకో చెవి అంచు కొరికితే, ఆ పంటిగాట్లు కూడా వరసగా దిగాలి. మొదటివాడు చెయ్యి జారి చేసిన తప్పును రెండోవాడు నెలల తరబడి శ్రద్ధగా చేస్తాడు. ఆ విద్యలో గొప్పతనమంతా అదే. లోపలి చెమట మరకలు చూసి పోల్చుకుందామన్నా కుదరదు. అసలుది పెద్ద పండగలకే బయటికి తీసేవాళ్లు. మిగతా ఆటలన్నీ నకలుతోనే ఆడాడు గనక యసోజి చెమట దానికీ కావలసినంత పట్టింది. రెంటికీ ఒకేలాంటి తేలిక చెక్క పెట్టెలు. అసలు దాని పెట్టెకు ఊదారంగు తాడు, నకలు పెట్టెకు గోధుమరంగు తాడు. తేడా అంతే.

మధ్యాహ్నం దాటాక సముద్రం మీద నుంచి మబ్బు తోసుకొచ్చింది. గాలిలో తేమ వాసన తగలగానే అందరి చేతులకూ తొందర పుట్టింది. ఒకునో గారు తలుపులు మూసేసరికి గదిలో అసురసంధ్య వేళలా అయింది. పడుచుపిల్ల ముఖాల్లో ఒకటి తమాకి చేతుల్లో ఉంది, రెండోది దిండు మీద ఉంది. మినెగిషి పెట్టెలు రెంటికీ తాళ్లు విప్పి, మూతలు తీసి ముందు పెట్టుకుని, కాగితం కరుచుకున్న నోటితో కనుబొమలెగరేసింది. ఏ పెట్టెలో అని అడగడం. తమాకి గడ్డం కాస్త తిప్పి ఒక పెట్టెను చూపించింది. అప్పుడామెకు ఏ సందేహమూ లేదు.

మర్నాడు యసోజి మ్యూజియానికి వెళ్లాడు. ముఖాలు ఆరబెట్టిన మర్నాడు వాటిని ఓసారి పలకరించి రావడం ఆయనకు అలవాటు. ఎనభై మూడేళ్ల మనిషి, వెన్ను ఇంకా వంగలేదు. టికెట్టు అక్కర్లేదన్నా వినడు, కొనుక్కునే లోపలికెళ్తాడు.

"సొంత ముఖం చూసుకోవడానికి టికెట్టు కొనే మనిషి ఈ దేశం మొత్తానికి మీరొక్కరే గురువు గారూ," అంది ఒకునో గారు.

"అద్దం ముందు ఊరికే నిలబడొచ్చు. కానీ దాన్లో కనిపించేది చూడలేక ఇక్కడికొస్తున్నా," అన్నాడు యసోజి.

ఒకునో గారు నోరు మూసుకుని నవ్వింది. తమాకి మడత ముక్కాలిపీట మోసుకుంటూ తండ్రి వెనక నడిచింది. ఊదారంగు తాడు పెట్టెలోని ముఖాన్ని పొద్దున్నే తీసి పెట్టిన గాజు అర ముందు పీట వేసింది. ఆయన కూర్చున్నాడు. దీపాలు మసగ్గా ఉన్నాయి. పడుచుపిల్ల ముఖం ఎప్పటిలాగే నవ్వీ నవ్వనట్టు చూస్తోంది. తమాకి పక్కగా నిలబడి సాయంత్రం కూరకి ముల్లంగి ఉందో లేదో ఆలోచిస్తోంది.

యసోజి లేచాడు. ఎడమకు నాలుగడుగులు వేసి చూశాడు. కుడికి వచ్చి చూశాడు. మోకాళ్లు వంచి కింద నుంచి చూశాడు. ఆ వయసులో అలా వంగడం చూసి తమాకి ముందుకు రాబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది కాదు."

"ఏది కాదు నాన్నా?"

"ఈ పిల్ల కాదు. ఇది నకలు. అసలుదాన్ని ఎక్కడ పెట్టారు?"

మామూలు గొంతుతోనే అన్నాడు గానీ, అరవై ఏళ్లు రంగస్థలం మీద పాడిన గొంతు మామూలుగా అన్నా హాలంతా వినిపిస్తుంది. లోపల్నుంచి డైరెక్టర్ అజిసాకా చెమటలు తుడుచుకుంటూ పరుగున వచ్చాడు. నకలు పెట్టె తెప్పించారు. రెండు ముఖాలనూ పక్కపక్కన పెట్టి, లైటు వేసి, ఫొటోలు ముందు పెట్టుకుని అజిసాకా చూశాడు, మినెగిషి చూసింది, తమాకి చూసింది. రెండు ముఖాల ఎడమ బుగ్గ మీదా గీత ఉంది. రెంటి చెవి అంచునా ఎలక పంటిగాట్లున్నాయి. చూస్తున్న కొద్దీ తమాకికి రెండూ అసలువిగా కనిపించాయి, కాసేపటికి రెండూ నకళ్లలాగే కనిపించాయి. పుట్టినప్పటి నుంచీ వీటి కింద పెరిగిన మనిషికి ఇంత తెలియకపోవడమేమిటని సిగ్గేసింది.

"క్యోటో నుంచి పరీక్ష చేసే పెద్దమనిషిని పిలిపించాలి. ఆయన కొత్త సంవత్సరం వెళ్తే గానీ రాడు," అన్నాడు అజిసాకా. తర్వాత మినెగిషి వైపు తిరిగి, గొంతు ఇంకా మెత్తగా చేసుకుని, "నిన్న పెట్టెల్లో సర్దింది మీరే కదూ?" అన్నాడు.

మినెగిషి తలవంచింది. అజిసాకా గొంతు ఎంత మెత్తబడితే ఎదుటివాళ్ల మెడ మీద కత్తి అంత దగ్గరకొచ్చిందని ఆ మ్యూజియంలో అందరికీ తెలుసు.

ఆ రాత్రి తమాకికి కలత నిద్రే పట్టింది. తండ్రి మాట నిజమా, కాదా? రెండు నెలల క్రితం అయితే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. పోయిన నెల శిష్యుడు హోసాకాకు పాఠం చెబుతూ యసోజి ఒక చరణం మధ్యలో ఆగిపోయాడు. దగ్గాడు. నీళ్లు తాగాడు. మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. హోసాకా దగ్గనే అనుకున్నాడు. పక్కన టీ పోస్తున్న తమాకికి మాత్రం అది దగ్గు కాదని తెలుసు. ఆ తర్వాత రెండుసార్లు పాఠం లేని రోజున పాఠానికి తయారై కూర్చున్నాడు. తమాకి ఎవరితోనూ అనలేదు. ఏప్రిల్లో గుడి ఉత్సవానికి యసోజి ఆఖరిసారి పడుచుపిల్ల ముఖం తొడుక్కుని ఆడబోతున్నాడు. ఊరంతా గోడల మీద కాగితాలు కూడా అంటించారు. ఈ సంగతి పొక్కిందంటే ఆ ఆట ఉండదు.

కానీ తన గడ్డం ఎటు తిరిగింది? ఆ క్షణాన్ని ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకున్నా, ఒకసారి కుడివైపు తిరిగినట్టు, ఇంకోసారి ఎడమవైపు తిరిగినట్టు అనిపిస్తోంది. అసలు చేతిలో ఉన్నది ఏ ముఖం?

పొద్దున్నే మ్యూజియానికి వెళ్లింది. వెనక గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల అజిసాకా మాటలు వినిపించాయి.

"తప్పు ఎవరైనా చేస్తారు మినెగిషి గారూ. నేనేమీ అనడం లేదు. మార్చిలో మీ ఏడాది ఉద్యోగం గడువు ఎలాగూ అయిపోతుంది. ఆ పైన పొడిగించే విషయం, ఈ పరిస్థితుల్లో, ఆలోచించుకోవాల్సి వస్తుంది కదా. మీరూ మీ దారి చూసుకోవడానికి కాస్త వ్యవధి ఉంటుందని ముందే చెబుతున్నాను."

"అర్థమైందండీ," అంది మినెగిషి.

తమాకి తలుపు తోసి లోపలికి వెళ్లింది. "అజిసాకా గారూ, ఏ పెట్టెలో పెట్టాలో చూపించింది నేను. మారిపోయి ఉంటే ఆ తప్పు నాది."

అజిసాకా గాభరాగా లేచి నిలబడి నడుం దాకా వంగాడు. "అయ్యయ్యో, ఎంత మాటన్నారు! మీరు ముఖాలిచ్చిన ఇంటివాళ్లు. వచ్చి సాయం చేయడమే మహాభాగ్యం. మీ మీద తప్పు పడనిస్తే ఈ మ్యూజియం ఊళ్లో తల ఎత్తుకోగలదా?"

"కాదండీ, నిజంగానే నేను..."

"మీ మంచితనం అలాంటిది. చిన్నవాళ్లను కాపాడాలని చూస్తారు. మినెగిషి గారూ, చూశారా, తమాకి గారిని ఎంత ఇబ్బందిలో పెట్టారో?"

మినెగిషి తమాకి ముందు కూడా వంగింది. తమాకికి ఒళ్లు మండిపోయింది. గట్టిగా అరిచి చెప్పినా ఈ మనిషి ఇంకాస్త కిందికి వంగుతాడే తప్ప వినడు. మర్యాద అనే గోడకు గుమ్మం ఎక్కడుందో ఆమెకు అంతుబట్టలేదు. టీ తాగి వెళ్లమంటే వద్దని బయటికొచ్చింది.

నడవలో మినెగిషి వెనకాలే వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడవడం లేదు.

"తమాకి గారూ, ఆ రోజు మీరు ఎటు చూపించారో మీకు గుర్తుందా?"

"లేదమ్మా. రాత్రంతా ఆలోచించాను."

"నాకూ లేదు. మీ గడ్డం కుడివైపు తిరిగిందని అనుకున్నాను. మీ కుడా, నా కుడా అని అప్పుడు తట్టలేదు. ఎదురెదురుగా కూర్చున్నాం కదా." కాసేపు చేతిలోని కుంచె వెంట్రుకలు సర్దుతూ నిలబడింది. "ఒక మాట అడగనా? కోపం తెచ్చుకోకండి. గురువు గారు... చూపు విషయంలోనో, మరో విషయంలోనో... ఏమైనా..."

 తమాకి ఔనన్నా సరిపోయేది. ఈ మధ్య నాన్నకు అన్నీ గుర్తుండడం లేదు, ఆ ఒక్క మాట అంటే ఈ పిల్ల ఉద్యోగం నిలబడుతుంది. మాట గొంతు దాకా వచ్చింది.

"ఆయన చూపు బాగానే ఉంది," అంది తమాకి.

అని, చెప్పులేసుకుని గబగబా బయటపడింది. గేటు దగ్గర ఒకునో గారు ఏదో పలకరించింది గానీ తమాకికి వినిపించలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా తిరిగి వెళ్లలేదు.

రాత్రి అన్నాల దగ్గర కాల్చిన చేప ముళ్లు తీసి తండ్రి పళ్లెంలో పెడుతూ సంగతి చెప్పింది. మినెగిషి అడిగిన మాట ఒక్కటే దాచింది. యసోజి ముల్లంగి ముక్క నములుతూ విన్నాడు.

"ఆ పిల్లేనా, ముఖానికి దెబ్బ తగులుతుందేమోనని కుంచెకు కూడా భయం నేర్పినట్టు పట్టుకుంటుంది?"

"ఆ పిల్లే."

"ఆ ఉబ్బు మొహం అజిసాకా తీసేస్తానన్నాడా?"

"తీసేస్తానని అనడు. ఆలోచించాలంటాడు."

"హూఁ." యసోజి మిసో పులుసు తాగి గిన్నె కింద పెట్టాడు. "హోసాకాకి ఫోన్ చెయ్యి. రేపు మ్యూజియానికి రమ్మను. వాడికీ చెప్పు, ఉబ్బు మొహానికి. రెండు ముఖాలూ తొడుక్కుని చూస్తాను. కంటితో చూస్తే మోసపోవచ్చు గానీ, ఒంటికి తగిలాక మోసపోయేది లేదు."

తమాకి చేపముళ్లు పక్కన పెట్టేసింది. తొడుక్కుని చూసి, అదే మాట మళ్లీ అంటే ఆ పిల్ల పని అయిపోయినట్టే. తొడుక్కుని, ఏమీ పోల్చుకోలేక అందరి ముందూ దిక్కులు చూస్తే?

"వద్దులే నాన్నా, క్యోటో నుంచి ఆయన వస్తాడుగా."

"ఆయనెవడు? ఆ ముఖం వాడు తొడుక్కున్నాడా ఎప్పుడైనా?"

ఇక ఫోన్ చేయక తప్పలేదు.

మ్యూజియం ఆవరణలో పాత రంగస్థలం ఒకటుంది. దాని వెనక అద్దాల గది. వేషం పూర్తయ్యాక నటుడు పెద్ద అద్దం ముందు కూర్చుని ముఖం తొడుక్కునేది అక్కడే. యసోజి నల్లటి బట్టలు కట్టుకుని, చేతులు కడుక్కుని వచ్చి చాప మీద కూర్చున్నాడు. వెనక హోసాకా. యాభై దాటినవాడైనా గురువు వెనక కూర్చుంటే పాఠం అప్పజెప్పబోతున్న పిల్లాడిలా ఉంటాడు. గోడ వారన అజిసాకా, ఒకునో గారు. ఎందుకు వచ్చావని ఒకునో గారిని ఎవరూ అడగలేదు, రాకపోతే ఆశ్చర్యపోవాలి. మినెగిషి రెండు పెట్టెలనూ తెచ్చి యసోజి ముందు పెట్టి వెనక్కి జరిగింది. 

ముందు గాజు అరలో ఉన్న ముఖం. యసోజి దాన్ని చిల్లుల దగ్గర పట్టుకుని కళ్ల ఎత్తుకు తెచ్చి, తల వంచి నమస్కరించాడు. ఎవరి ముఖాన్ని తొడుక్కుంటున్నామో వాళ్ల అనుమతి లేకుండా తొడుక్కోరు. నుదురు దగ్గర ఒత్తుకోకుండా లోపల దూది పట్టీ సరిచేసి, ముఖానికి ఆనించుకున్నాడు. హోసాకా తల వెనక తాడు బిగించాడు.

"ఇంకాస్త," అన్నాడు యసోజి. చెక్క వెనక నుంచి ఆ గొంతు వేరే మనిషిదిలా వచ్చింది.

ముఖానికి ఉన్న కంటి రంధ్రాలు పప్పుగింజంత. వాటిలోంచి కనపడేది రంగస్థలం మూలనున్న స్తంభం ఒక్కటే. ఆ స్తంభాన్ని గుర్తుగా పెట్టుకునే రంగస్థలం మీద నడవాలి. యసోజి పాదం పైకెత్తకుండా, మడమ నేల మీదే జారుస్తూ రంగస్థలం మీదికి వెళ్లాడు. మధ్యలో ఆగాడు. ముఖం ఒక్క వెంట్రుకంత పైకెత్తాడు, పిల్ల నవ్వింది. ఒక్క వెంట్రుకంత దించాడు, పిల్ల కళ్లలో మబ్బు పట్టింది. ఎనభై మూడేళ్ల ముసలివాడి ముడతల మెడ మీద ఆ పిల్ల ముఖం ఎలా నప్పుతుందో తమాకికి ఇన్నేళ్లయినా అర్థం కాదు. చూస్తే మాత్రం నప్పుతుంది. ఇదే అసలుది అనుకుంది తమాకి. సందేహం లేదు.

ఆయన తిరిగొచ్చి కూర్చున్నాడు. ముఖం విప్పి రెండు చేతులతో హోసాకాకు అందించాడు. రెండో పెట్టె తెరిచాడు. ముఖాన్ని కళ్ల ఎత్తుకు తెచ్చి తల వంచాడు.

ఈసారి తల చాలాసేపు లేవలేదు. ఒకునో గారు తమాకి వైపు చూసింది. మెడ పట్టేసిందా? మరిచిపోయాడా, ఏం చేయాలో? లేక మొక్కుతున్నాడా?  యసోజి తల ఎత్తాడు. తొడుక్కున్నాడు. బయటికి వెళ్లాడు. అవే అడుగులు, అదే స్తంభం. ముఖం ఎత్తాడు, పిల్ల నవ్వింది. దించాడు, మబ్బు పట్టింది. ఇదే అసలుది అనిపించింది తమాకికి. ఇందాక అనిపించినంత గట్టిగానే అనిపించింది. ఏడుపొచ్చినంత పనైంది.

తిరిగొచ్చాక ఆ ముఖాన్ని ఆయన హోసాకాకు ఇవ్వలేదు. తనే పట్టుసంచీలో పెట్టాడు. సంచీ ముడి రెండు పోచల్నీ సరిసమానంగా లాగాడు.  యసోజి చాప మీద కాస్త వెనక్కి జరిగి, రెండు చేతులూ నేలకు ఆనించి, అజిసాకా వైపు కాదు, మినెగిషి వైపు తిరిగి వంగాడు.

"పొరపాటు నాది. గాజులో ఉన్నదే అసలుది. మొన్న నేనన్న మాట తప్పు."

"గురువు గారూ!" అంటూ మినెగిషి తల నేలకు తాకించింది.

"నా జ్ఞాపకం ఈ మధ్య సరిగ్గా పనిచేయడం లేదు. ఇంట్లో మా అమ్మాయి దాచిపెడుతోంది గానీ, దాచితే దాగేది కాదు. సొంత ముఖాన్ని పోల్చుకోలేనివాడు రంగస్థలం ఎక్కకూడదు. ఏప్రిల్ ఆట హోసాకా ఆడతాడు. కాగితాలు మార్పించండి."

 హోసాకా గబుక్కున ముందుకు జరిగాడు. "వద్దండీ, నాకొద్దు. మీరు ఉండగా నేనెలా..."

"నోర్మూసుకో. మొదట నీ ఎడమ పాదం సంగతి చూసుకో. ఎండుచేపను ఈడ్చినట్టు ఈడుస్తావు."

హోసాకా అప్పటికే కళ్లు తుడుచుకుంటున్నాడు. ఒకునో గారు కూడా జేబులో చేతిగుడ్డ వెతుక్కుంటోంది. అజిసాకా ముఖంలో మాత్రం దీపం వెలిగింది. "అయితే క్యోటో ఆయన్ని శ్రమపెట్టనక్కర్లేదన్నమాట. ఎంత పెద్ద మనసు గురువు గారిది! మినెగిషి గారూ, మీరేమీ మనసులో పెట్టుకోకండి, నేను మొదటి నుంచీ మీ పక్షమే," అన్నాడు. మినెగిషి గాజు అరలోని ముఖాన్ని హోసాకా దగ్గర అందుకుని, చిల్లుల దగ్గర పట్టుకుని, అరలో పెట్టడానికి తీసుకెళ్లింది. 

తమాకికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆ పిల్ల బతికింది. తను చెప్పలేని మాటను ఆయనే చెప్పుకున్నాడు, అందరి ముందూ, తలవంచి. ఏప్రిల్ ఆట పోయింది. అరవై ఏళ్లుగా దేన్ని చూసుకుని బతికాడో అది పోయింది, అదీ సంచీ ముడి వేసినంత తేలికగా. కానీ ఆ రెండో ముఖానికి అంతసేపు ఎందుకు మొక్కాడు? దాన్ని హోసాకా చేతికి ఎందుకివ్వలేదు?

అజిసాకా కారులో దింపుతానన్నాడు. యసోజి వద్దని బస్సెక్కాడు. బయట సన్నగా వాన మొదలైంది. బస్సులో హైస్కూలు పిల్లలు ఇద్దరు తప్ప ఎవరూ లేరు. తమాకి తండ్రి పక్కన కూర్చుంది. ఉండబట్టలేకపోయింది.

"నాన్నా, ఏది అసలుది?"

"చెప్పానుగా. అందరూ విన్నారు."

"వాళ్లకు చెప్పింది విన్నాను. నాకు చెప్పు. నేనెవరితోనూ అనను."

యసోజి కిటికీ అద్దం మీద జారే నీళ్లు చూస్తున్నాడు. "నోటితో అనవు. ముఖంతో అనేస్తావు. వచ్చే ఏడు ముఖాలు ఆరబెట్టే రోజున ఆ గాజు ముందు నిలబడతావు. నీ ముఖం చూసి ఒకునో కూడా కనిపెట్టేస్తుంది. నీకా విద్య రాదు తల్లీ. నీకు తెలియకపోవడమే అందరికీ మంచిది."

తమాకి గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టయింది. అంటే ఆయనకు తెలుసు. ఏదీ మరిచిపోలేదు. ఆ పిల్ల కోసం, తనకు తెలిసినదాన్నే తెలియదన్నాడు. గాజులో ఉన్నది నకలే అయినా, ఇక ఎప్పటికీ నకలే ఉన్నా సరే. ఇంతకన్నా పెద్ద ఆట ఆయన ఏప్రిల్లో మాత్రం ఏం ఆడేవాడు? తండ్రి చేతిని పట్టుకోవాలనిపించింది. వాళ్లింట్లో అలాంటి అలవాటు లేదు గనక పట్టుకోలేదు. కళ్లు తుడుచుకుని, బ్యాగులో గొడుగులున్నాయా అని చూసుకుంది.

యసోజి చెయ్యి చాచి గంట నొక్కాడు.

"మన స్టాపు ఇంకా రాలేదు నాన్నా. దీని తర్వాతది."

ఆయన ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. "తెలుసు. నడుద్దామని," అన్నాడు.

దిగారు. బస్సు వెళ్లిపోయింది. అక్కడ రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి ఏటి ఒడ్డునే ఇంటి వైపు, రెండోది రేవుకి. తమాకి గొడుగు విప్పి ఆయనకిచ్చింది, తనది తను విప్పుకుంది, ఆయన అడుగు కోసం ఆగింది. ఇంట్లోగానీ వీధిలోగానీ ఎప్పుడూ ముందు ఆయనే నడుస్తాడు, ఆమె వెనక నడుస్తుంది. ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే.

యసోజి కదల్లేదు. గొడుగు పిడి అటూ ఇటూ మార్చి పట్టుకున్నాడు. ఏటి వైపు చూశాడు, రేవు వైపు చూశాడు. వాన బాగుందన్నట్టు తల ఊపాడు. చెప్పు సర్దుకున్నాడు. ఆయన ముఖం ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. దాన్లోంచి తమాకికి ఏమీ తెలియలేదు. ఆయన కూడా ఎవరి అడుగు కోసమో ఆగి ఉన్నాడని మాత్రం కాసేపటికి అర్థమైంది.

 ఆమె ఏటి వైపు దారిలో ముందుగా ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. వెనక, మడమ ఎత్తకుండా జారే ఆయన అడుగుల చప్పుడు తడి రోడ్డు మీద మొదలైంది. వెనక్కి తిరిగి చూడాలనిపించింది గానీ, తిరగకుండా, ఆ అడుగులు అందుకునేంత నెమ్మదిగా తమాకి ముందు నడిచింది.